రొట్టెల కోసం చెక్క అరల స్టాండు: పలకలు వేయాలా, బద్దలు వేయాలా?

కొత్త ఉలి:
నమస్కారం. మా ఇంట్లో వారానికి రెండుసార్లు బ్రెడ్డు, బిస్కట్లు చేస్తుంటాము. వాటిని ఉంచడానికి నిరుడు నాలుగు అరల చెక్క స్టాండు నేనే తయారు చేశాను. 90 సెంటీమీటర్ల పొడవు, 12 మిల్లీమీటర్ల మందం గల పలకలు వేసి, వెనుకా పక్కలా ప్లైవుడ్డుతో మూసి, ముందు తలుపు బిగించాను. ఇప్పుడు నడిమి అరలు రెండూ కిందికి వంగిపోయాయి. ఓవెన్ నుంచి తీసిన గంటకు పెట్టిన బ్రెడ్డు కూడా మరునాటికి అడుగున చెమ్మగిల్లి, వేలితో నొక్కితే గుంట పడుతోంది, బిస్కట్లు మెత్తబడుతున్నాయి, తలుపు తీస్తే వార్నిష్ వాసన వస్తోంది. విప్పి మళ్ళీ కట్టాలనుకుంటున్నాను. పలకల బదులు బద్దలు వేస్తే సరిపోతుందా?

పేళ్ళబుట్ట:
బద్దలు వేయండి, కానీ అంతటితో సరిపోదు. ఒకే స్టాండుకు మీరు రెండు పనులు అప్పగించారు. చల్లారడానికి అన్ని వైపుల నుంచీ గాలి ఆడాలి. బిస్కట్లు కరకరలాడుతూ నిలవ ఉండాలంటే బయటి గాలి తగలకూడదు. బ్రెడ్డు పైకి చల్లబడినట్టు కనిపించినా లోపలి వేడి ఇంకా చాలాసేపు ఆవిరిని బయటికి నెడుతూనే ఉంటుంది. అడుగున పలక అడ్డుపడితే ఆ ఆవిరి అక్కడే నీరై తిరిగి బ్రెడ్డులోకి ఇంకుతుంది. పైగా మూసిన అరలో బ్రెడ్డు వదిలిన తేమను పక్కనున్న బిస్కట్లు పీల్చుకుంటాయి. కనుక తలుపూ ప్లైవుడ్డూ తీసేసి దీన్ని చల్లార్చే స్టాండుగానే వాడుకొని, బిస్కట్లను బిగుతు మూత ఉన్న డబ్బాలో వేరుగా పెట్టండి.

ఇక వంగడం సంగతి. చెక్క మందం రెట్టింపైతే అది వంగకుండా నిలిచే శక్తి 8 రెట్లు అవుతుంది. అందుకని 40 మిల్లీమీటర్ల ఎత్తున్న కర్రలను స్టాండు పొడవునా ముందొకటి, వెనకొకటి, వెడల్పు వైపు నిలువుగా ఉండేలా బిగించి, బద్దలను వాటి మీద ముందు నుంచి వెనక్కి పరవండి. అప్పుడు ఒక్కో బద్ద దాటవలసిన దూరం 90 నుంచి స్టాండు లోతుకు, అంటే సుమారు 40 సెంటీమీటర్లకు తగ్గుతుంది. బద్ద మందం 18 మిల్లీమీటర్లు, బద్దకూ బద్దకూ మధ్య సందు 15 మిల్లీమీటర్లు ఉంటే చాలు. వాటిని చట్రానికి మేకులతో దిగగొట్టకండి. అడుగున రెండు అడ్డకర్రలకు కలిపి ఒక్క జాలీగా చేసుకుంటే పైకెత్తి పొడి దులుపుకోవచ్చు.

ఒక హెచ్చరిక: ఇన్నాళ్ళూ స్టాండు పక్కకు ఊగకుండా ఆపింది వెనుక ప్లైవుడ్డే. అది తీశాక ఐమూలగా ఒక బద్ద తప్పనిసరి. బిగించే ముందు చట్రం రెండు కర్ణాలనూ మూల నుంచి ఎదుటి మూలకు కొలవండి. రెండు కొలతలూ సమానమైతేనే చట్రం మూలమట్టంగా ఉన్నట్టు.

తేనెమైనం:
వాసన గురించి. వార్నిష్ పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది. మూసిన అరలో ఆ వాసన పోయే దారి ఉండదు. నా మట్టుకు నేను జాలీలకు ఏ పూతా వేయను. బీచ్, మేపుల్ వంటి దట్టమైన కలప అయితే చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో నునుపు చేసి వదిలేస్తాను. పైన్ మాత్రం వద్దు. వేడి తగిలితే బంక ఊరుతుంది. పూత కావాలనుకుంటే వంటనూనెలు రాయకండి, కొన్నాళ్ళకు అవి ముక్కిపోతాయి. ఆహారానికి పనికొచ్చే మినరల్ ఆయిల్‌లో తేనెమైనం కలిపి పలచగా పట్టించవచ్చు. అయితే ఆ మైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఒకసారి తొందరలో ఓవెన్ ట్రేను అలాగే జాలీ మీద పెట్టాను. తీసేసరికి ట్రే అంచు ఆనిన మేర మైనం కరిగి, బద్దల మీద నల్లని చార మిగిలింది. అది ఇప్పటికీ పోలేదు.

కొత్త ఉలి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తలుపు నిన్ననే తీసేశాను. చీమల కోసం కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టవచ్చా?

పేళ్ళబుట్ట:
చెక్కను నేరుగా నీళ్ళలో నిలబెట్టకండి. కాలి అడుగు భాగం నీటిని ఇట్టే పైకి లాగి ఉబ్బి పగులుతుంది. మొదట కాళ్ళన్నిటికీ అడుగున లోహపు మరకాళ్ళు (మర తిప్పి బిగించే పొట్టి కాళ్ళు) బిగించి, గిన్నెలో నీరు చెక్కను అందుకోకుండా చూసుకోండి.