చాదస్తమా, బెంగా?

కావలి నుంచి ప్రశ్న: ముసలివాళ్లు మాట తగ్గించి, ఏదడిగినా “ఏమోలే” అంటా ఉంటే మా వైపు “చాదస్తం వచ్చింది” అనేస్తారు. మా జేజిని అట్నే అంటా ఉండారు. తాత పోయిన కాణ్ణించి ఆమె పొయ్యి దగ్గరికే పోవడం లేదు. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలో వీధంతటికీ చెప్పిన మనిషి, ఇప్పుడు “నాకేం గుర్తుండదు, నన్నడగబాకండి” అంటాది. దీనికి ఆ మాట సరిపోద్దా?

జవాబు: సరిపోదమ్మా. ఛందస్సంటే వేదం, ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు. ఆ ఛాందసమే చాదస్తమై, పట్టిన పట్టు విడవకపోవడానికీ, చెప్పిందే చెప్పడానికీ పేరైంది. మీ జేజి చెప్పడమే మానేసింది కదా! నన్నడిగితే ఆమెది బెంగ. బెంగ ఊరికే ఉండదు, ఒకరి మీదో ఒకదాని మీదో ఉంటుంది. పైగా “బెంగ తీరింది” అంటాం. “చాదస్తం తీరింది” అని ఎవరూ అనగా నేను వినలేదు. నయమయ్యేదాన్ని వయసు కింద జమకట్టేస్తే డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకుపోతారు?

కనిగిరి నుంచి: మేం దిగులు అంటాం. “దిగులుతో మనిషి సగమైపోయింది” అని.

ఒంగోలు నుంచి, వైద్యరంగంలో ఉన్న సభ్యురాలు: పెద్దవయసులో డిప్రెషన్ ఏడుపుగా కనపడకపోవచ్చు. ఆకలి, నిద్ర పోతాయి, ఒళ్లునొప్పులంటారు, మతిమరుపూ వస్తుంది. డిమెన్షియాలా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనాశక్తీ తగ్గిపోయే జబ్బులా కనిపించే ఈ స్థితి గురించి కైలో అనే మానసిక వైద్యుడు 1961లోనే రాశాడు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు తరచుగా “తెలీదు” అని వదిలేస్తారు, మరుపు గురించి తామే బాధపడతారు. డిమెన్షియా మొదలైనవాళ్లు చాలాసార్లు ఏదో ఒక జవాబు చెప్పి కప్పిపుచ్చుకుంటారు. అయితే దీన్నిబట్టి ఇంట్లోనే తేల్చేయకండి. రెండూ కలిసి ఉండొచ్చు, డిప్రెషనే డిమెన్షియాకి తొలి గుర్తు కావచ్చు. డిమెన్షియా ముప్పు పెంచే, మనం సరిచేసుకోగల 14 కారణాలని 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక నిపుణుల కమిషన్ చెప్పినవాటిలో డిప్రెషన్ ఒకటి, వినికిడి లోపం ఇంకొకటి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించండి, వాడే మందులన్నీ డాక్టరుకి చూపించండి. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కావలి నుంచి: చెవులు కూడా సరిగా వినపడ్డం లేదక్కా, దాన్నీ చాదస్తంలోనే కలిపేసినాం. బీపీ మాత్రల చీటీ ఎతుకుతా ఉండా, ఈ వారమే తీసకపోతాం.