చదువు అయిపోతోంది, బ్యాగు తగిలించుకుని సిడ్నీ నుంచి కెయిర్న్స్ దాకా: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

నాలుగోబెర్త్:
మెల్‌బోర్న్‌లో నా మాస్టర్స్ నవంబర్ మూడో వారంలో పూర్తవుతుంది. రెండేళ్లలో నేను చూసిన ఆస్ట్రేలియా అంటే యూనివర్సిటీ, రూము, రాత్రి షిఫ్టు చేసే పెట్రోల్ బంకు. అంతే. ఇంటికి వెళ్లేలోపు తూర్పు తీరం తిరగాలని ఉంది. చేతిలో 3 వారాలు. ఒక్కడినే. ఈత రాదు. గుడ్డు తింటాను, మాంసం తినను. రెండు పెద్ద సూట్‌కేసులు ఎక్కడ పెట్టాలో తెలియదు. అమ్మకి ఇంకా చెప్పలేదు. బస్సా, కారా? ఎక్కడ ఎన్ని రోజులు ఉండాలి?

బ్రిస్బేన్_సింధు:
తమ్ముడూ, బస్సా కారా అన్నది తర్వాత. ముందు నెల చూడు. సిడ్నీలో బయలుదేరి పైకి పోతే రెండు విధాలా దెబ్బ. నవంబర్ ఆఖర్లో పన్నెండో క్లాసు పరీక్షలు అయిపోయిన పిల్లలంతా గోల్డ్‌కోస్ట్ మీద పడతారు. స్కూలీస్ అంటారు దాన్ని. బైరన్ బేకీ ఆ సెగ తగులుతుంది. బెడ్డు దొరకదు, దొరికినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. వాళ్లని దాటుకుని కెయిర్న్స్ చేరేసరికి డిసెంబర్ మధ్యకి వస్తావు. అప్పటికి అక్కడ వానలు, తుఫాన్ల కాలం. 2023 డిసెంబర్‌లో జాస్పర్ తుఫానుకి కెయిర్న్స్ ఎయిర్‌పోర్టులోకే నీళ్లు వచ్చాయి.

అందుకే తిరగెయ్. మెల్‌బోర్న్ నుంచి విమానంలో నేరుగా కెయిర్న్స్ దిగు, అక్కడి నుంచి కిందికి రా. వానలు ముదరకముందే ఉత్తరం అయిపోతుంది, నువ్వు గోల్డ్‌కోస్ట్ చేరేసరికి పిల్లల గోల సద్దుమణుగుతుంది. చివరికి సిడ్నీ. సూట్‌కేసులు మెల్‌బోర్న్‌లోనే ఎవరైనా స్నేహితుడి గరాజ్‌లో పడేయ్, వెనక్కి వచ్చి తీసుకో.

జూన్‌లో చదువు అయిపోయేవాళ్లకి ఈ తలనొప్పి లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉత్తర క్వీన్స్‌లాండ్ హాయిగా ఉంటుంది. హర్వీ బే దగ్గర జూలై తర్వాత హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా కనిపిస్తాయి.

పాత_ఎస్కీ:
సింధు గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మేము నలుగురం కారులో వెళ్లాం, అదీ తెలివితక్కువగా సిడ్నీ నుంచి పైకే. తీరం వెంబడి దాదాపు 2,600 కిలోమీటర్లు. మ్యాపులో జానెడు కనిపిస్తుంది కానీ, ఒక్క బ్రిస్బేన్ నుంచి కెయిర్న్సే హైదరాబాద్ నుంచి ఢిల్లీ కంటే ఎక్కువ. నలుగురు ఉంటేనే కారు గిట్టుబాటు. ఒక్కడివే అయితే బస్సు ఎక్కు.

కారుకి ఉన్న సుఖం ఒకటే, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవడం. కాఫ్స్ హార్బర్ దాటాక వూల్గూల్గా అని చిన్న ఊరు. హైవే దిగి లోపలికి వెళ్తే తెల్లటి గుమ్మటాలతో గురుద్వారా. అరటి తోటల్లో పనికి వచ్చి స్థిరపడిన పంజాబీలు, ఇప్పుడు బ్లూబెర్రీ కూడా వేస్తున్నారు. 4 రోజులు బ్రెడ్డూ జామూ తిన్న మాకు అక్కడ లంగర్‌లో పప్పూ రొట్టే పెడితే మాట పడిపోయింది. ఒకడైతే మూడోసారి కూడా వడ్డించుకున్నాడు, పేరు చెప్పను, ఈ చర్చ చదువుతున్నాడు.

ఇంకొకటి. ఈ దేశంలో పార్కుల్లో, బీచుల దగ్గర కౌన్సిల్ వాళ్లు కరెంటు బార్బెక్యూలు పెడతారు. చాలాచోట్ల పైసా అక్కర్లేదు, బటన్ నొక్కితే స్టీలు పెనం వేడెక్కుతుంది. బ్రిస్బేన్‌లో ఇండియన్ స్టోరులో పిండి కొని ఎయిర్లీ బీచ్ దాకా ఐసు పెట్టెలో మోసుకెళ్లి దోసెలు వేశాం. పెనం మధ్యలో నూనె పోవడానికి కన్నం ఉంటుంది, పెనం కూడా అటువైపే వాలుగా ఉంటుంది. మొదటి దోసె పిండి మొత్తం మెల్లగా జారి కన్నంలోకి వెళ్లిపోయింది, నలుగురం నిలబడి చూస్తూ ఉండిపోయాం. రెండోది అంచుకి దగ్గరగా, చిన్నగా ఊతప్పంలా వేస్తే నిలిచింది. పక్కన సాసేజ్‌లు కాల్చుకుంటున్న ముసలాయన వచ్చి ఒకటి అడిగి తిన్నాడు. నువ్వు మాంసం తినవు కాబట్టి పెనం మీద ఫాయిల్ పరుచుకో.

సాయంత్రం చీకటి పడ్డాక ఊళ్ల బయట కారు నడపకండి. కంగారూలు సరిగ్గా ఆ టైముకే రోడ్డెక్కుతాయి.

సముద్రపుకాకి:
నేను ఒక్కదాన్నే వెళ్లాను, 24 రోజులు, బస్సులోనే. గ్రేహౌండ్ వాళ్ల విమిట్ పాస్ తీసుకున్నా. ఇన్ని రోజులకని కొంటే ఆ రోజుల్లో ఎన్నిసార్లైనా ఎక్కొచ్చు, దిగొచ్చు. సీటు మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి బస్సులు పట్టుకుంటే ఆ రాత్రి బెడ్డు డబ్బులు మిగులుతాయి, నడుము మాత్రం మిగలదు.

ఆడపిల్లలు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా: హాస్టళ్లలో ఆడవాళ్లకి విడిగా డార్మ్ చాలాచోట్ల ఉంది, కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. తాళం కప్ప మీదే పట్టుకెళ్లండి.

వంటింట్లో ఒక పద్ధతి ఉంది. మీ సరుకుల సంచి మీద పేరు, ఖాళీ చేసే తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి. రాయకపోతే శుభ్రం చేసేవాళ్లు చెత్తబుట్టలో వేసేస్తారు. నా గోంగూర పచ్చడి సీసా అలాగే పోయింది, ఇప్పటికీ కడుపు మండుతుంది. ఒక మూల ఫ్రీ ఫుడ్ అని అర ఉంటుంది, వెళ్లిపోయేవాళ్లు మిగిలినవి అక్కడ వదిలేస్తారు. బియ్యం, పాస్తా, ఉప్పు నేనెప్పుడూ కొనలేదు.

ఎండుమిర్చితో పోపు మాత్రం పెట్టకండి! ఒక ఊళ్లో నేను పెట్టిన పోపుకి స్మోక్ అలారం మోగి, బిల్డింగంతా రోడ్డు మీదకి వచ్చి నిలబడింది. ఫైర్ ఇంజన్ వచ్చాక బిల్లు నాకే వేస్తారేమోనని చచ్చేంత టెన్షన్ పడ్డా. మేనేజర్ మంచివాడు, వదిలేశాడు.

చోట్ల సంగతి. గారి ద్వీపం (పాత పేరు ఫ్రేజర్ ఐలాండ్, 2023లో అధికారికంగా మార్చారు) వదలొద్దు. స్పెల్లింగులో ముందు కె ఉన్నా పలకరు. మన 'గారు'కి చుట్టంలా ఉంటుంది. ప్రపంచంలో ఇసుకతో ఏర్పడిన దీవుల్లో ఇదే పెద్దది. తారు రోడ్లు దాదాపు లేవు, ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు బీచ్ మీదే పరిగెడతాయి. రెయిన్‌బో బీచ్ నుంచి 3 రోజుల ట్యాగ్-అలాంగ్ టూరులో వెళ్లా, ముందు బండిలో గైడు, వెనక బళ్లు మనమే నడుపుకోవడం. మెకంజీ సరస్సులో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే మెడ దాకా దిగినా కాలి గోళ్ల రంగు కనిపిస్తుంది. డింగోలు (అడవి కుక్కలు) ఉంటాయి, తిండి బయట పెట్టొద్దు, ఒక్కరే నడవొద్దు. అక్కడ సముద్రంలో ఈత కొట్టరు, సరస్సుల్లోనే.

విట్‌సండేస్ (ఎయిర్లీ బీచ్ నుంచి పడవలో వెళ్లే దీవులు) విషయంలో నా మాట కొందరికి నచ్చదు. 2 రాత్రుల పడవ తీసుకున్నా, అది తాగుబోతుల పడవ అని ఎక్కాక తెలిసింది. వెజ్ అని ముందే రాసినా మూడు పూటలూ సలాడే. ఒక్క రోజు టూరు చాలు. హిల్ ఇన్‌లెట్ పైనుంచి వైట్‌హేవెన్ బీచ్‌ని చూడాలి, తెల్ల ఇసుకలో నీలం నీళ్లు పాయలు పాయలుగా తిరుగుతుంటాయి. మిగతాది అనవసరం.

పాత_ఎస్కీ:
ఒక్క రోజు చాలదండి. రాత్రి పడవ డెక్ మీద పడుకుని నక్షత్రాలు చూడనివాడికి విట్‌సండేస్ గురించి మాట్లాడే హక్కు లేదు. చిన్న సెయిలింగ్ పడవ చూసుకుని ఎక్కాలి, పెద్ద పార్టీ పడవ కాదు.

నాలుగోబెర్త్:
సింధు అక్కా, తిరగేశాను. కెయిర్న్స్ టికెట్ చూస్తున్నా. ఈత రానివాడు గ్రేట్ బారియర్ రీఫ్‌కి (సముద్రంలోని పగడపు దిబ్బలకి) వెళ్లి ఏం చేస్తాడు? అక్కడి నీళ్లలో జెల్లీ ఫిష్ కుడతాయంటారు, ఆ సంగతేంటి?

బ్రిస్బేన్_సింధు:
పడవ వాళ్లు లైఫ్ జాకెట్, పట్టుకుని తేలడానికి పొడవాటి స్పాంజి గొట్టం ఇస్తారు. ఈత రాదని ఎక్కగానే చెప్పు, సిగ్గుపడకు. ఆస్తమా లాంటిది ఉంటే ఫారంలో దాచకు. చాలా పడవల్లో అద్దం అడుగున్న బోటు కూడా ఉంటుంది. బాక్స్ జెల్లీ ఫిష్, ఇరుకాంజీ అనే వేలిగోరంత జెల్లీ ఫిష్, రెండూ ఉత్తరాన సుమారు నవంబర్ నుంచి మే దాకా ఉంటాయి. ఒళ్లంతా కప్పే స్టింగర్ సూట్ ఇస్తారు, వేసుకో. ఫొటోలో బాగోలేదని విప్పకు. బీచుల పక్కన స్తంభాలకి వెనిగర్ సీసాలు పెట్టి ఉంటాయి, కుట్టినచోట అదే పోసి వెంటనే 000కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయాలి. కెయిర్న్స్‌లో సముద్రంలో దిగాల్సిన పనే లేదు, ఎస్ప్లనేడ్ మీద లగూన్ అనే ఈత కొలను ఉంది, ఉచితం. నది ఒడ్డున మొసలి బొమ్మ బోర్డు ఉంటే అక్కడ కాళ్లు కూడా కడుక్కోవద్దు.

దక్షిణానికి వచ్చాక భయం జెల్లీలతో కాదు, అలలతో. ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగు, మోకాళ్ల లోతే అయినా సరే. జెండాలు లేకపోతే దిగకు. నీరు లోపలికి లాగేస్తే ఎదురీదే ప్రయత్నం చేయకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తాలి. మన పిల్లలు ఇక్కడే పోతున్నారు, అందుకే గట్టిగా చెబుతున్నా.

బ్రిస్బేన్ వస్తే ఇంకో లాభం. ఇక్కడ 2024 ఆగస్టు నుంచి బస్సు, రైలు టికెట్ 50 సెంట్లు. నాంబోర్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సులో నూసా వెళ్లిరా, టీ ఖర్చు కూడా కాదు.

మొద్దునిద్ర:
ఒక్క హెచ్చరిక. వేసవిలో న్యూసౌత్‌వేల్స్ గడియారం గంట ముందుకి జరుపుకుంటుంది, క్వీన్స్‌లాండ్ జరపదు. క్వీన్స్‌లాండ్‌లోని కూలంగట్టా, న్యూసౌత్‌వేల్స్‌లోని ట్వీడ్ హెడ్స్ రెండూ ఒకే ఊరిలా అంటుకుని ఉంటాయి, మధ్యలో బౌండరీ స్ట్రీట్. నేను పడుకున్నది కూలంగట్టా పక్క, బస్సు ఎక్కాల్సింది ట్వీడ్ హెడ్స్ పక్క. టికెట్ మీద 9 గంటలు. నా ఫోన్లో 8:40 అయినప్పుడు తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లా. అక్కడ 9:40.

రూల్స్_రాజు:
ఎవరూ చెప్పలేదు కాబట్టి బోరు కొట్టేది నేను చెబుతా. నవంబర్, డిసెంబర్‌లో ముగిసే 10 నెలలు దాటిన కోర్సుకి స్టూడెంట్ వీసా సాధారణంగా మార్చి 15 దాకా ఉంటుంది. నీ గ్రాంట్ లెటర్లో తేదీ చూసుకో. 485 (చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకునే వీసా) వేసే ఆలోచన ఉంటే పోలీస్ సర్టిఫికెట్, ఇంగ్లిష్ స్కోరు బ్యాగు సర్దకముందే సిద్ధం చేసుకో. పడవలో సిగ్నల్ లేకుండా కూర్చుని అప్లికేషన్ నింపలేవు. వేశాక బ్రిడ్జింగ్ వీసా ఏ (నిర్ణయం వచ్చేదాకా ఉండనిచ్చే తాత్కాలిక వీసా) మీద దేశం దాటితే తిరిగి రావడం కష్టం, దేశం లోపల తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు.

పూర్తిగా వెళ్లిపోయేవాళ్లు సూపర్ డబ్బు (ఇక్కడ పనిచేసినప్పుడు యజమాని మన పేరున వేసే రిటైర్మెంట్ పొదుపు) మర్చిపోవద్దు. వీసా ముగిసి, దేశం దాటాక అప్లై చేయాలి. మామూలుగా 35 శాతం పన్ను పోను మిగతాది వస్తుంది. సూపర్ ఫండ్‌కి యూనివర్సిటీ ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఇప్పుడే మార్చండి, అది మూసేశాక పాస్‌వర్డ్ కూడా రాదు.

సముద్రపుకాకి:
డిసెంబర్ కాబట్టి బండబెర్గ్ దగ్గర మాన్ రెపోలో ఒక రాత్రి ఆగు. లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ముందే బుక్ చేయాలి. చీకట్లో ఫోన్ వెలుగు కూడా వేయనివ్వరు. రేంజర్ పిలిచేదాకా 2 గంటలు కూర్చున్నాం. తర్వాత మా గుంపు మొత్తం ఇసుకలో మోకాళ్ల మీద ఒంగి చూసింది, తాబేలు గుంట తవ్వి, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు నూటికి పైగా పెట్టింది. మన విశాఖ, శ్రీకాకుళం తీరాలకి ఆలివ్ రిడ్లీలు వస్తాయి కదా, ఆ పక్కనే పుట్టి పెరిగిన నేను ఎన్నడూ చూడలేదు.

నాలుగోబెర్త్:
(డిసెంబర్ 19) సిడ్నీ చేరాను. కెయిర్న్స్‌లో 3 రాత్రులు, మ్యాగ్నెటిక్ ఐలాండ్ 2, ఎయిర్లీ 3, బండబెర్గ్ 1, గారి టూరు 3 రోజులు, మిగతాది బ్రిస్బేన్, బైరన్. మిషన్ బీచ్ మొత్తం వానలో పోయింది, బస్సు అద్దంలోంచే చూశా. చెరకు తోటల పక్కన చిన్న రైలు కోసం హైవే మీద బస్సు ఆగినప్పుడు ఉయ్యూరు గుర్తొచ్చింది. విట్‌సండేస్ గొడవలో నేను పాత_ఎస్కీ అన్న పార్టీ. కూలంగట్టాలో గడియారం రెండుసార్లు చూసుకున్నా.

మ్యాగ్నెటిక్ ఐలాండ్ హాస్టల్‌లో ఫ్రీ ఫుడ్ అరలో, పాస్తా వెనకాల, రబ్బరు బ్యాండు వేసిన సాంబారు పొడి ప్యాకెట్ దొరికింది. తెలుగు అక్షరాలు చూసి ముందు నమ్మలేదు. పేరు లేదు. రెండు పూటలు వాడుకుని మిగతాది మళ్లీ బ్యాండు వేసి అక్కడే పెట్టా.

మొద్దునిద్ర:
ఏ హాస్టల్ బ్రో? నేను ఫిబ్రవరిలో వెళ్తున్నా.