పెట్టింది బిట్‌కాయిన్, క్లెయిములో వేసింది డాలర్లు: దివాలా సంస్థ నుంచి మా తమ్ముడికి ఏం వస్తుంది?

కొండవీటి_వాగు:
మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. వడ్డీ వస్తుందని ఒక క్రిప్టో సంస్థలో ఒకటిన్నర బిట్‌కాయిన్ పెట్టాడు. సంస్థ పేరు ఇక్కడ రాయను. చెల్లింపులు ఆపేసి దివాలా పిటిషను వేసింది. ఇప్పుడు వచ్చిన క్లెయిము (రావలసిన బాకీ) పత్రంలో పిటిషను రోజు ధర ప్రకారం డాలర్లు వేశారు. తర్వాత ధర పెరిగితే ఆ లాభం ఎవరిది? పైగా క్లెయిము కొంటామని ఎవరో ఫోన్లు చేస్తున్నారట, వాడు అమ్మేసేలా ఉన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకా చెప్పలేదు. తెలిసినవారు వివరించండి.

జెర్సీ_జమాఖర్చు:
అమ్మవద్దని ఈ రాత్రికే చెప్పండి. కనీసం ఖాతా నిబంధనలు చదివేదాకా ఆగమనండి. ఆ నాణేల యాజమాన్యం ఎవరిదని అందులో రాశారో దాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది.

నేను న్యూజెర్సీలో అకౌంటెంటును. ఇలాగే వడ్డీ ఇస్తామని చెప్పి దివాలా తీసిన సెల్సియస్ అనే క్రిప్టో సంస్థ కార్యాలయం మాకు దగ్గర్లోని హోబోకెన్‌లోనే ఉండేది. ఆ కేసు ఉత్తర్వులు మొదటినుంచీ చదువుతున్నాను కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. ఆ సంస్థ 2022 జూన్ 12న ఉపసంహరణలు ఆపింది, జూలై 13న న్యూయార్క్ దివాలా కోర్టుకు వెళ్లింది. వడ్డీ ఇచ్చే 'ఎర్న్' ఖాతాలు సుమారు 6 లక్షలు, వాటిలో 420 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో. అదంతా సంస్థ ఆస్తేనని న్యాయమూర్తి మార్టిన్ గ్లెన్ 2023 జనవరి 4న తేల్చారు. ఖాతాదారులు ఒప్పుకున్న నిబంధనల్లోనే యాజమాన్యం సంస్థకు బదిలీ అవుతుందని ఉంది మరి. దాంతో వాళ్లంతా హామీ లేని రుణదాతలయ్యారు, అంటే తమ నాణేలు కాకుండా మిగిలినదాంట్లో వాటా కోసం వరుసలో నిలబడేవారు. అదే యాప్‌లో, వడ్డీ లేకుండా భద్రపరచడానికే ఉన్న 'కస్టడీ' ఖాతాలో మొదటినుంచీ ఉంచిన నాణేలను మాత్రం వాటి యజమానులకు తిరిగి ఇవ్వమన్నారు.

ఇక డాలర్ల సంగతి. అమెరికా దివాలా చట్టం 502వ సెక్షను ప్రకారం బాకీని పిటిషను తేదీన డాలర్లలో లెక్కకట్టాలి. సెల్సియస్‌లో ఒక బిట్‌కాయిన్‌కు కట్టిన విలువ సుమారు 19,900 డాలర్లు. 2024 జనవరి 31న ప్రణాళిక (మిగిలిన ఆస్తిని ఎవరికి ఎలా పంచాలో చెప్పే పత్రం) అమలయ్యాక, తొలివిడతగా ఎర్న్ ఖాతాదారులకు ఆ డాలర్ల విలువలో 57 శాతం పైచిలుకు బిట్‌కాయిన్, ఈథర్ (మరో క్రిప్టో నాణెం) రూపంలో ఇచ్చారు. కానీ ఇచ్చే బిట్‌కాయిన్‌కు కట్టిన ధర దాదాపు 43,000 డాలర్లు! ఒక నాణెం పెట్టిన మనిషికి తొలివిడతలో దక్కిన విలువ పావు నాణెం కంటే కాస్త ఎక్కువ, అంతే. చట్టప్రకారం సరే, నాకు మాత్రం ఇది ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. తర్వాతి విడతలతో 2025 ఆగస్టుకు మొత్తం 64.9 శాతానికి చేరింది. ఇవికాక అయానిక్ డిజిటల్ అనే మైనింగ్ (కంప్యూటర్లతో కొత్త బిట్‌కాయిన్లు సంపాదించే) కంపెనీ షేర్లు కూడా ఇచ్చారు.

తొలివిడతతో ఆగిపోలేదన్నది గమనించండి. సంస్థ ఎవరెవరి మీద దావా వేయగలదో వాళ్లందరి మీదా కేసులు నడిపి రుణదాతల కోసం డబ్బు రాబట్టే బాధ్యతను ప్రత్యేకంగా ఒక నిర్వాహకుడికి అప్పగించారు. అలా, డాలరు విలువకు ముడిపెట్టిన నాణేన్ని జారీచేసే టెథర్ అనే సంస్థతో కుదిరిన 29.95 కోట్ల డాలర్ల రాజీ 2025 అక్టోబరులో బయటికి వచ్చింది. తొందరపడి చవకగా క్లెయిము అమ్ముకున్నవారికి ఈ తర్వాతి విడతల్లో భాగం ఉండదు, కొన్నవారికే పోతుంది.

మన్నేరు_67:
పై జవాబుతో కొంత విభేదిస్తాను. డాలర్లలో లెక్కకట్టినంత మాత్రాన నాణేలు రావని కాదు. జెనెసిస్ కూడా అప్పులిచ్చే సంస్థే, 2023 జనవరిలో దివాలాకు వెళ్లింది. పిటిషను రోజు డాలర్లకు మించి ఇవ్వకూడదని దాని యజమాని సంస్థ డీసీజీ వాదించింది. 2024 మేలో న్యాయమూర్తి షాన్ లేన్ ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చారు. అదే నెలలో, జెమినీ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి ద్వారా జెనెసిస్‌కు నాణేలు అప్పిచ్చిన 'జెమినీ ఎర్న్' ఖాతాదారులకు తమ నాణేల్లో 97 శాతం నాణేలుగానే అందాయి. రుణదాతలందరికీ తీరితే తప్ప వాటాదారుల వంతు రాదు కదా. అందుకే ప్రణాళిక మీద ఓటు అడిగినప్పుడు మీ తమ్ముడు తప్పకుండా చదివి ఓటు వేయాలి.

జెర్సీ_జమాఖర్చు:
ఆ మాట నిజమే, నేను చెప్పి ఉండాల్సింది. అయితే జెనెసిస్‌లో పంచడానికి పోల్చిచూస్తే ఎక్కువే మిగిలింది, సెల్సియస్‌లో పెద్ద లోటు ఉంది. మీ తమ్ముడి సంస్థ దాఖలుచేసిన ఆస్తి అప్పుల జాబితా చూస్తే రెండింటిలో దేనికి దగ్గరో తెలుస్తుంది.

కొండవీటి_వాగు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఒక్క అనుమానం. పిటిషనుకు నెల ముందు వాడు కొంత సొమ్ము వెనక్కి తీసుకున్నాడు. అది తిరిగి కట్టమంటారా?

జెర్సీ_జమాఖర్చు:
అడిగే హక్కు ఉంది. పిటిషనుకు ముందు 90 రోజుల్లో తీసుకున్నదాన్ని వెనక్కి రాబట్టవచ్చు. సెల్సియస్‌లో నికరంగా లక్ష డాలర్లకు మించి తీసుకున్నవారినే పట్టుకున్నారు, చిన్న మొత్తాలను వదిలేశారు. మీ కేసులో హద్దు ఎంతో ప్రణాళికలో చూడాలి. నోటీసు వస్తే దాచకుండా దివాలా న్యాయవాదికి చూపించమనండి.

క్లెయిము దాఖలుకు గడువు తేదీ పత్రంలోనే ఉంటుంది. సంస్థ వేసిన జాబితాలో తనకు రావలసిన మొత్తం తప్పుగా ఉన్నా, 'వివాదాస్పదం' అని గుర్తుపెట్టినా గడువులోగా తన క్లెయిము తానే వేయాలి. ఇంకొకటి: 2022 అక్టోబరులో సెల్సియస్ ఖాతాదారుల పేర్లు, లావాదేవీలు కోర్టు పత్రాల్లో బహిరంగమయ్యాయి. దొంగ ఇ-మెయిళ్లు కూడా వెల్లువెత్తాయి. వాలెట్ కలపమని, రహస్య పదాలు చెప్పమని ఎవరడిగినా చెప్పకూడదు. ఆ ఫోన్లు చేసేవాళ్లకు మీ తమ్ముడి నంబరు ఎక్కడిదో కూడా అడగమనండి.