ఓర్లాండో యూనివర్సల్: తెర రైడ్లకూ పట్టాల రైడ్లకూ ఒకే జాబితాలో మార్కులు వేయవచ్చా?

లోహపుపట్టా:
ఫ్లోరిడాలోని వినోద పార్కుల సముదాయం ఓర్లాండో యూనివర్సల్‌కు వెళ్ళి వచ్చినవాళ్ళు రాసే "ఉత్తమ రైడ్లు" జాబితాలు చదివి చదివి విసుగెత్తి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. పైన వెలోసీకోస్టర్ అనే పట్టాల రైడ్ (కోస్టర్), దాని కిందే స్పైడర్‌మ్యాన్ అనే తెర రైడ్ (బండి కొంచెమే కదులుతుంది, మిగతాదంతా ఎదురుగా తెర మీది బొమ్మే), ఆ తరువాత హల్క్ కోస్టర్, మళ్ళీ ఒక తెర బొమ్మ. వీటన్నిటినీ ఒకే గాటన ఎలా కడతారు? వెలోసీకోస్టర్ 155 అడుగుల ఎత్తు ఎక్కించి దాదాపు నిట్టనిలువుగా కిందికి వదులుతుంది. వేగం గంటకు 70 మైళ్ళు. చివర్లో నీటి మీదుగా బండి మెలితిరిగేటప్పుడు ఒడిలో ఉన్న కడ్డీ ఒక్కటే మనిషిని పట్టి ఉంచుతుంది. స్పైడర్‌మ్యాన్‌లో 400 అడుగుల ఎత్తు నుంచి పడిపోతున్నామని నమ్మిస్తారు, బండి మాత్రం ఆ గది దాటి ఎక్కడికీ పోదు.

పార్కు వాళ్ళే ఈ అలవాటు చేశారు. వరుసగా తెరిచిన రైడ్లు చూడండి: 2012లో మినియన్లు, 2013లో ట్రాన్స్‌ఫార్మర్స్, 2014లో గ్రింగాట్స్, 2016లో కాంగ్, 2017లో జిమ్మీ ఫాలన్, 2018లో ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్. ఏది ఎక్కినా తెరే. ఈ తెరల కాలం మొదలైన 2012లోనే, పడవ పక్కన నీళ్ళలోంచి నోరు తెరుచుకుని లేచే షార్కు ఉన్న జాస్ రైడ్‌ను తీసిపారేశారు. తెర రైడ్లకు వేరే జాబితా పెట్టండి. నేను అడిగేది ఇంతే.

చుక్కలదారి:
గ్రింగాట్స్‌ను తెరల్లో కలిపారు. దానికి పట్టాలున్నాయి, బండి కిందికి దిగుతుంది కూడా.

లోహపుపట్టా:
దిగుతుంది, ఒక్కసారి. ఆ తరువాత ఒక తెర ముందు ఆగుతుంది, కాస్త కదిలి ఇంకో తెర ముందు ఆగుతుంది. పట్టాలు వేసింది తెరకూ తెరకూ మధ్య దూరం దాటించడానికి.

చుక్కలదారి:
సరే, ఫర్బిడెన్ జర్నీని ఎక్కడ వేస్తారు? 2010లో హ్యారీ పాటర్ విభాగంతో పాటే తెరిచారు. కార్ఖానాల్లో బరువులు ఎత్తే కూకా రోబో చెయ్యి ఉంటుంది చూడండి, దాని చివర నలుగురు కూర్చునే బెంచీ బిగించారు. ఆ చెయ్యి మనల్ని వెల్లకిలా వంచుతుంది, పక్కకు తోస్తుంది. కొంతసేపు గోపురం లాంటి తెర మనతో పాటే కదులుతుంది. అది పక్కకు తప్పుకోగానే నిజంగా కట్టిన చెట్టు కొమ్మ మీదికి వస్తుంది, సాలెపురుగులు ఎదురవుతాయి. ఇందులో తెర ఎంత, యంత్రం ఎంత? 2025 మే 22న తెరిచిన యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌లో ఫ్రాంకెన్‌స్టైన్ రైడ్‌దీ ఇదే పద్ధతి, రోబో చెయ్యి మీదే నడుస్తుంది, చుట్టూ నిలువెత్తు యంత్ర బొమ్మలు. మీరు గీసే గీత ఇలాంటివాటి దగ్గర నిలబడదు.

లోహపుపట్టా:
చెయ్యి ఎంత తిప్పినా అది ఒకే చోట ఊపడమే.

చుక్కలదారి:
ఒకే చోట కాదు. ఆ చెయ్యి పట్టా మీద ముందుకు నడుస్తుంది. కనీసం రైడ్ ఎలా పనిచేస్తుందో తెలుసుకుని మార్కులు వేయండి.

లోహపుపట్టా:
నడుస్తుందని నాకూ తెలుసు. ఎంత వేగంతో నడుస్తుందో చెప్పండి.

టికెట్టుబాధితుడు:
ఇవన్నీ సరే. హాగ్వర్ట్స్ రైలు ఎక్కాలంటే రెండు పార్కులకూ చెల్లే టికెట్టు ఉండాలి, ఎందుకంటే ఆ రైలు ఒక పార్కులో ఎక్కించి రెండో పార్కులో దింపుతుంది. ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు. మాకు టికెట్లు కొనిపెట్టిన ఏజెంటు అడిగితే "అన్నీ ఉన్నాయి సార్" అన్నాడు. స్టేషను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. పిల్లలు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నీడపట్టున:
టికెట్టుబాధితుడు గారూ, ఈ సంగతి మీరు భోజనాల చర్చలోనూ రాశారు.

సంచులకాపరి:
లోహపుపట్టా గారూ, మీరు మెచ్చుకునే రైడ్ల బయట నిలబెట్టిన ఎత్తు కొలిచే కర్ర వైపు ఒకసారి చూడండి. వెలోసీకోస్టర్‌కు 51 అంగుళాలు ఉండాలి. హల్క్‌కు 54. హాగ్రిడ్ మోటారుసైకిలు కోస్టర్‌కు 48. మా ఇంట్లో ఆరేళ్ళ పిల్లవాడు, మెడనొప్పి ఉన్న అత్తగారు. మీ లెక్కన గొప్ప రైడ్లన్నీ మా ఇంట్లో సగంమందికి నిషిద్ధం. స్పైడర్‌మ్యాన్‌కు 40 అంగుళాలు చాలు. ఇంటిల్లిపాదీ ఒకే బండిలో కూర్చుని ఒకేసారి కేక పెట్టే రైడ్‌ను మీరు రెండో తరగతి జాబితాలోకి నెట్టేస్తానంటే నేను ఒప్పుకోను.

చుక్కలదారి:
చిన్న సవరణ. మెడనొప్పి ఉన్నవాళ్ళు స్పైడర్‌మ్యాన్ కూడా ఎక్కవద్దనే బయట బోర్డు మీద ఉంటుంది.

సంచులకాపరి:
బోర్డు నాకూ చదవడం వచ్చు. ఆవిడ ఎక్కింది మెల్లగా సాగే ఇ.టి. సినిమా రైడ్ ఒక్కటే. స్పైడర్‌మ్యాన్ మాట పిల్లవాడి కోసం చెప్పాను.

లోహపుపట్టా:
ఎత్తు నిబంధన భద్రత కోసం పెట్టింది. దానికీ రైడ్ నాణ్యతకూ ఏమిటి సంబంధం? పొట్టివాళ్ళు ఎక్కలేరు కాబట్టి వెలోసీకోస్టర్‌కు మార్కులు తగ్గించాలా? పైగా చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకు చైల్డ్ స్వాప్ ఉంది. ఒకరు పిల్లవాడితో ఆగుతారు, ఒకరు ఎక్కి వస్తారు, తరువాత రెండోవాళ్ళు మళ్ళీ వరుసలో నిలబడకుండా ఎక్కుతారు. ఇంతకంటే ఏం చేస్తారు?

సంచులకాపరి:
చైల్డ్ స్వాప్ గురించి నాకు పాఠం చెప్పకండి. మా వారు ఎక్కి, జుట్టు చెదిరి, మొహం వెలిగిపోతూ వచ్చి "అద్భుతంగా ఉంది, నువ్వూ వెళ్ళు" అంటారు. నేను ఒక్కదాన్నే వెళ్ళి, ముక్కూమొహం తెలియని మనిషి పక్కన కూర్చుని కేకలు పెట్టి వస్తాను. నేను తిరిగి వచ్చేసరికి ఆయన ఫోను చూసుకుంటూ ఉంటారు. ఇద్దరం ఎక్కాం, కాని కలిసి ఎక్కింది ఒక్కటీ లేదు. మీ మార్కుల పట్టికలో దీనికి గడి లేదు.

నీడపట్టున:
వేసవి మధ్యాహ్నం దగ్గరలో మెరుపు మెరిస్తే బయట ఉన్న పట్టాల రైడ్లన్నీ ఆపేస్తారు. ఫ్లోరిడాలో అది దాదాపు రోజువారీ తంతు. అప్పుడు అందరూ పరుగెత్తేది ఈ తెరల కిందికే.

లోహపుపట్టా:
గొడుగు కూడా వానలోనే పనికివస్తుంది. దాన్ని రైడ్ అనం కదా.

వేపచెట్టు:
నాకు తెర రైడ్లు పడవు. బండి కొంచెమే కదులుతుంది, బొమ్మ మాత్రం ఆకాశంలో పల్టీలు కొడుతుంది. కళ్ళు ఒకటి చెబుతాయి, లోపలి చెవి ఇంకొకటి చెబుతుంది, కడుపు తిరుగుతుంది. అసలైన కోస్టర్ ఎన్ని మెలికలు తిరిగినా నాకు ఏమీ కాదు, ఎందుకంటే అక్కడ కళ్ళూ చెవీ ఒకే మాట మీద ఉంటాయి. తెర దగ్గర కళ్ళు మూసుకుంటే కొంత నయం. కళ్ళు మూసుకుని సినిమా చూడటానికి అంత డబ్బు ఎందుకో తెలియదు.

లోహపుపట్టా:
వేపచెట్టు గారికి నమస్కారం. ఇక్కడ రైడ్ గురించి మాట్లాడుతున్నది మీరొక్కరే.

సంచులకాపరి:
అంటే మేము మాట్లాడేది కబుర్లా? రైడ్ అంటే ఒంటికి తగిలేదే అని తేల్చడానికి మీరెవరు? ఒంటి సంగతే అడిగితే చెబుతాను వినండి. వేరే రాష్ట్రంలో ఒక పార్కులో కోస్టర్ బయట నమూనా కుర్చీ పెట్టారు. కూర్చున్నాను. కడ్డీ కిందికి దిగింది కాని "టక్" మనలేదు. అక్కడి అబ్బాయి మర్యాదగానే ఇంకోసారి నొక్కాడు, ఇంకోసారి. వెనక వరుసంతా చూస్తోంది. మా ఆడపడుచు భర్త "పోనీలే చెల్లెమ్మా, సంచులు నువ్వు చూసుకో" అన్నాడు, అందరూ నవ్వారు. ఇక్కడ నా పేరు ఎందుకు ఇలా ఉందో ఇప్పుడు అర్థమైందా? మీరు నూటికి నూరు వేసే రైడ్లన్నీ నా మీద ఇలాంటి పరీక్షలు పెట్టేవే. తెర ముందు బండి నన్ను ఏమీ అడగదు.

లోహపుపట్టా:
మీకు జరిగినదానికి బాధగానే ఉంది. దానికి వెలోసీకోస్టర్ ఏం చేసింది?

మీరు మీ సంగతి చెప్పారు కాబట్టి నాదీ చెబుతాను. "అందరికీ సరిపడేది" అనే మాట నా చిన్నతనమంతా విన్నాను. ఏ పార్కుకు వెళ్ళినా పెద్దమ్మకు తల తిరుగుతుంది, చెల్లికి భయం, కాబట్టి అందరం కలిసి బొమ్మ రైలు ఎక్కి గుండ్రంగా తిరిగి రావడమే. దూరంగా కోస్టర్ మీద జనం కేకలు వినిపిస్తూ ఉండేవి. "ఒక్కడివే ఎక్కి ఏం చేస్తావురా" అనేవారు నాన్న. ఇప్పుడు నా డబ్బుతో, నా సెలవులో, ఒక్కడినే వెళ్తాను. గేటు తెరవకముందే నిలబడతాను. ఒంటరిగా వచ్చినవాళ్ళను మిగిలిన సీట్లలో కూర్చోబెట్టే సింగిల్ రైడర్ లైనులో దూరిపోతాను. ఎవరి ఆకలి కోసమూ ఆగను. కుటుంబమంతా కలిసి ఎక్కలేనిది గొప్ప రైడ్ కాదని మీరు అంటే నాకు ఆ బొమ్మ రైలే గుర్తుకు వస్తుంది. దీన్ని స్వార్థం అంటారా, అనండి.

సంచులకాపరి:
ఇదీ అసలు మాట. మీరు రైడ్లకు మార్కులు వేస్తున్నానని చెబుతూ వెంట వచ్చే మనుషులకు వేస్తున్నారు.

లోహపుపట్టా:
మీరు చేస్తున్నదీ అదే. ఇప్పటిదాకా ఇంత రాశారు. పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పారు, ఎవరు కూర్చోలేకపోయారో చెప్పారు. స్పైడర్‌మ్యాన్‌లో మీకు ఏం నచ్చిందో ఒక్క వాక్యం లేదు.

నిర్వాహకుడు:
ఇద్దరికీ మనవి. వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు.

సంచులకాపరి:
ఒక్క వాక్యం కావాలా? ఇ.టి. గురించి నాలుగు తీసుకోండి. లోపలికి వెళ్ళేటప్పుడు పేరు అడిగి ఒక కార్డు ఇస్తారు. వరుస ఒక చీకటి అడవి గుండా సాగుతుంది, బయటి ఎండలోంచి వచ్చినవాళ్ళకు ఆ చల్లదనం, ఆ చెట్ల వాసన మొదట తగులుతాయి. సైకిలు లాంటి బండి ఎక్కితే అది పైనుంచి వేలాడుతూ కదులుతుంది, పోలీసుల మీదుగా లేచి ఊరి దీపాల మీదుగా వెళ్తుంది. చివర్లో ఇ.టి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి వీడ్కోలు చెబుతాడు. మా అత్తగారి పేరు ఆ యంత్రం నోట్లో పడి ఏమయిందో దేవుడికి తెలియాలి, మాకు వినిపించింది ఒక గురగుర మాత్రమే. ఆవిడ మాత్రం "నన్నే పిలిచాడు" అని తిరిగి చెయ్యి ఊపారు. నా జాబితాలో మొదటి స్థానం దానిదే. రైడ్ గురించి సరిపడా చెప్పానా?

లోహపుపట్టా:
చెప్పారు, కాని చూసుకోండి. ఇ.టి. 1990 నాటిది, పార్కు తెరిచిన రోజు నుంచీ ఉంది. అందులో ప్రాణం అంతా కట్టిన అడవిదీ, బొమ్మలదీ, పైన వేలాడే పట్టాదీ. మీ మొదటి స్థానం తెర లేని రైడ్‌కే ఇచ్చారు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే కదా?

సంచులకాపరి:
అందులో వేగమూ లేదు, తలకిందులు కావడమూ లేదు, 155 అడుగులూ లేవు. మీ పట్టికలో దానికి ఎన్ని మార్కులు వస్తాయో చెప్పండి.

లోహపుపట్టా:
తక్కువే. మొదటి పదిలో ఉండదు.

సంచులకాపరి:
అయితే మన గొడవ తెర గురించి కాదు.

చుక్కలదారి:
మీ ఇద్దరికీ మధ్యలో హాగ్రిడ్ మోటారుసైకిలు ఉంది, ఎవరూ దాని మాట ఎత్తరేమిటి? 2019లో వచ్చింది. ఏడుసార్లు ముందుకో వెనక్కో తోస్తుంది, వెలోసీకోస్టర్ అంత భయపెట్టదు. చీకట్లో బండి ఆగిపోతుంది, ఏదో చెడిపోయిందని అనుకునేలోపు కింద ఉన్న పట్టా మొత్తం బండితో సహా ధబేలున దిగుతుంది. ఒకరు మోటారుసైకిలు మీద, ఒకరు పక్క తొట్టెలో. తెరిచిన రోజున జనం దాదాపు పది గంటలు వరుసలో నిలబడ్డారు.

సంచులకాపరి:
48 అంగుళాలు.

లోహపుపట్టా:
వేగం గంటకు 50 మైళ్ళే.

చుక్కలదారి:
సెలవు.

కొత్తనీరు:
నమస్కారం అండీ, నేను ఇక్కడ కొత్త. చర్చ మొత్తం చదివాను. వచ్చే నెల వెళ్తున్నాం. అమ్మాయి 46 అంగుళాలు, మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, మా తమ్ముడికి కోస్టర్లంటే పిచ్చి. ఒక్క రోజే ఉంటాం. పొద్దున్నే ముందు దేని దగ్గరికి పరుగెత్తాలి?

లోహపుపట్టా:
తమ్ముడిని ఒక్కడినే వదిలేయండి. గేటు తెరవగానే వెలోసీకోస్టర్. జేబులో ఏమీ ఉంచుకోనివ్వరు, ముందే లాకరులో పెట్టమనండి. వరుసలో మూతికి కట్టు వేసిన రాప్టర్ డైనోసార్ల తలలు కదులుతూ ఉంటాయి, హడావిడిగా దాటిపోకుండా చూడమనండి. మధ్యాహ్నం అందరూ కలవవచ్చు.

సంచులకాపరి:
వదిలేయకండి. ముందు అందరూ కలిసి ఇ.టి., ఆ తరువాత మెన్ ఇన్ బ్లాక్. దానికి 42 అంగుళాలు చాలు, తుపాకులతో గ్రహాంతరవాసులను కొడుతూ వెళ్ళడమే, ఎవరి స్కోరు వాళ్ళకు కనిపిస్తుంది. నాన్నగారి మోకాళ్ళ సంగతి సిబ్బందికి ముందే చెప్పండి. తమ్ముడు తరువాత ఎక్కినా కోస్టర్ ఎక్కడికీ పోదు.

లోహపుపట్టా:
కోస్టర్ పోదు, వరుస పెరుగుతుంది. మధ్యాహ్నం ఉరిమితే అదీ పోతుంది. చూశారా, మళ్ళీ ఆ కుర్రవాడినే ఆగమంటున్నారు.

టికెట్టుబాధితుడు:
ఒక్క నిమిషం. వెలోసీకోస్టర్ ఉన్నది ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌లో. ఇ.టి., మెన్ ఇన్ బ్లాక్ ఉన్నది స్టూడియోస్‌లో. మీరిద్దరూ ఆవిడను వేర్వేరు పార్కులకు పంపిస్తున్నారు. కొత్తనీరు గారూ, మీ టికెట్టు రెండు పార్కులకూ చెల్లుతుందా?

కొత్తనీరు:
అయ్యో, అది చూడలేదండీ. ఒక పార్కుకే అనుకుంటాను. ఏ పార్కుదో మా తమ్ముడిని అడిగి చెబుతాను, కొన్నది వాడే.