అరచేతిని అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఆపలేరా? జూమ్ లెన్స్ హుడ్ దగ్గర వచ్చిన సందేహం

ప్రశ్న:

‘అరచేతిని అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఆపలేరు’ అన్న మాట మీద ఒక సందేహం అండి. మా అబ్బాయి పెళ్లి ఫొటోలు తీస్తాడు. సాయంత్రం ఎదురెండలో జూమ్ చేసి తీసేటప్పుడు, లెన్స్‌కి హుడ్ (ఎండ పడకుండా ముందు బిగించే గొట్టం లాంటి అంచు) ఉన్నా సరే, ఎవరో ఒకరిని పక్కన నిలబెట్టి చెయ్యి అడ్డం పట్టమంటాడు. చెయ్యి పడగానే ఫొటో తేటపడుతుంది. ‘అరచెయ్యి ఆపేస్తోందిగా, సామెత తప్పు’ అంటాడు. ఏం చెప్పాలి? అసలు హుడ్ ఉండగా చెయ్యెందుకు?

జవాబు:

ముందు హుడ్ సంగతి చూద్దాం అండి. సామెత సంగతి అందులోంచే తేలుతుంది.

ఫొటోలో కనిపించని చోట నుంచి వచ్చే ఎండ కూడా లెన్స్ ముందు గాజు మీద పడుతుంది. లోపలి గాజుల మధ్య అటూ ఇటూ తగిలి, వెలుగును ఫొటోగా పట్టే సెన్సర్ దాకా వస్తుంది. పూత లేని గాజు అయితే ఒక్కో తలం తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. ఇప్పటి పూతలు దాన్ని చాలా తగ్గించాయి. కానీ జూమ్ లెన్స్‌లో పది పదిహేను గాజులు, ఇంకా ఎక్కువ కూడా ఉంటాయి కాబట్టి ఆ కాస్తా కాస్తా కలిసి ఫొటో మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. నల్లటి జడ బూడిద రంగుకు తిరుగుతుంది, పట్టుచీర రంగు వెలవెలబోతుంది. ఒక్కోసారి రంగు మచ్చలు వరసగా పడతాయి. ఫొటోలు తీసేవాళ్లు దీన్నే ‘ఫ్లేర్ కొడుతోంది’ అంటారు.

ఆ పక్కవాటు ఎండకు నీడ పట్టడమే హుడ్ పని. పొడుగు పెరిగేకొద్దీ నీడ పెరుగుతుంది, అయితే దాని అంచు ఫొటోలో పడకూడదు. 50 ఎం.ఎం., 85 ఎం.ఎం. లాంటి ప్రైమ్ లెన్స్‌కు, అంటే జూమ్ లేనిదానికి, ఉండేది ఒకే కోణం, కాబట్టి దానికి సరిపడా హుడ్ చేయొచ్చు. జూమ్‌కు అలా కుదరదు. అన్నిటికంటే వెడల్పుగా చూసే చివరకు లెక్కగట్టి హుడ్‌ను పొట్టిగా చేయాల్సిందే. రేకుల్లా కోసిన హుడ్‌లు చూసే ఉంటారు, ఆ ఆకారం వచ్చిందీ అందుకే. ఫొటో చట్రం దీర్ఘచతురస్రం. పైనా కిందా చూపు తక్కువ దూరం పోతుంది కాబట్టి అక్కడ రేకులు పొడుగ్గా ఉంటాయి, ఇరుపక్కలా పొట్టిగా ఉంటాయి, మూలల దగ్గర గాడి పడుతుంది.

మీ అబ్బాయి ఇబ్బంది ఎక్కడో లెక్క చూస్తే తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ చట్రమంత సెన్సర్ ఉన్న) కెమెరా మీద 24-105 ఎం.ఎం. జూమ్ పెట్టారనుకుందాం. 24 వెడల్పుగా చూసే చివర, 105 దూరాన్ని దగ్గరకు లాగే చివర. 24 దగ్గర ఫొటో మధ్య నుంచి పై అంచు దాకా సుమారు 27 డిగ్రీలు. హుడ్ పైరేకును ఈ కొలతకే కోస్తారు. 105 దగ్గర మధ్య నుంచి పై అంచుకు ఆరున్నర డిగ్రీలే. లెన్స్‌ను పడమటికి మట్టంగా పట్టుకుని 105 దగ్గర తీస్తున్నాడు. సూర్యుడు 27 డిగ్రీల ఎత్తు నుంచి ఆరున్నర డిగ్రీల ఎత్తుకు దిగేదాకా ఫొటోలో ఉండడు, హుడ్ కూడా ఆపలేదు, ఎండ నేరుగా గాజు మీద పడుతుంది. ఆకాశంలో సూర్యుడి నడక గంటకు 15 డిగ్రీలు కదా. ఈ ఇరవై డిగ్రీలు దిగడానికి గంటా ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. పెళ్లి ఫొటోలకు అందరూ కాచుకుని కూర్చునే నీరెండ దాదాపు అదే! కెమెరాను నిలువుగా తిప్పితే ఇంకా కష్టం. ఇరుపక్కల ఉండే పొట్టి రేకుల్లో ఒకటి పైకి వస్తుంది. అక్కడ హుడ్ తెరుచుకునేది 37 డిగ్రీల దాకా, ఫొటోకు కావలసింది పది.

ఈ ఖాళీని చెయ్యి పూడుస్తుంది. హుడ్ లెన్స్‌కు అతుక్కుని ఉంటుంది. చెయ్యి ముందుకు జరుగుతుంది, పక్కకు జరుగుతుంది, సూర్యుడు ఎటుంటే అటు వెళ్తుంది. పట్టుకునేవాళ్లు చూడాల్సింది లెన్స్ ముందు గాజును. చేతినీడ దాని మీద అంచు నుంచి అంచు దాకా పడాలి. గాజు మీద ఒక మూల నెలవంకంత ఎండ మిగిలినా ఫ్లేర్ పోదు. అదే సమయంలో తీసేవాళ్లు వ్యూఫైండర్‌లో వేళ్లు పడుతున్నాయేమో చూసుకోవాలి. 105 దగ్గర దీనికి చోటు దండిగా ఉంటుంది. 24కు తిప్పగానే వేళ్లు ఫొటోలోకి వచ్చేస్తాయి, కాబట్టి అక్కడ హుడ్‌నే నమ్ముకోవాలి. సినిమా షూటింగుల్లో చెయ్యికి బదులు వెలుగును అడ్డుకునే నల్లటి పలకను (కట్టర్) స్టాండుకు బిగించి పెడతారు. పని అదే.

ఇక సామెత. మీ అబ్బాయి చేతితో ఆపింది సూర్యుణ్ణి కాదండి, ఒక గాజు మీద పడే ఎండను. తెలుగులో సూర్యుడు వేరు, ఎండ వేరు. ‘ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకో’ అని పిల్లలకు మనమే చెప్తాం. సామెత ఆ పనిని ఎక్కడా కాదనలేదు. వాక్యం నిర్మాణం చూడండి: ‘అడ్డుపెట్టి’ క్త్వార్థకం, అంటే అడ్డుపెట్టడం జరిగిపోయింది. ‘లేరు’ అన్న నిరాకరణ ‘ఆప’ మీదే పడింది. చెయ్యి పెట్టారు, వాళ్ల కంటికి నీడా దొరికింది, సూర్యుడు మాత్రం ఆగలేదు. సామెతకు బలం అక్కడే ఉంది. తన కళ్లకు కనబడకుండా చేసుకున్నవాడు లోకానికి కూడా కనబడకుండా చేశాననుకుంటాడు. నిజాన్ని తొక్కిపెట్టేవాళ్ల గురించి ఈ మాట వాడేది అందుకే.

కెమెరాలో కూడా ఇది రుజువవుతుంది. సూర్యుడు ఫొటో చట్రంలోకే దిగాక హుడ్ ఏమీ చేయలేదు. అప్పుడు సూర్యుడికి చెయ్యి అడ్డుపెడితే ఫొటోలో చెయ్యే పడుతుంది.

మరో సభ్యురాలు:

చాలా బాగా చెప్పారు. నా దగ్గర పాత కానన్ 24-70 ఉంది. దాని హుడ్ పెద్దది, జూమ్ చేస్తే లెన్సే హుడ్ లోపలికి వెళ్తుంది. దీనికి మీ లెక్క వర్తిస్తుందా?

జవాబు:

వర్తించదండి, మీది మంచి మినహాయింపు. అది 2002లో వచ్చిన 24-70 ఎఫ్ 2.8 అయి ఉంటుంది. 24 దగ్గర దాని ముక్కు బాగా బయటికొస్తుంది, 70 దగ్గర లోపలికి పోతుంది. హుడ్‌ను కదిలే ముక్కుకు కాకుండా కదలని బయటి గొట్టానికి బిగించారు. అందువల్ల 70 దగ్గర గాజు హుడ్‌లో లోతుగా ఉండి నీడ దానంతటదే పెరుగుతుంది. జూమ్ హుడ్‌ల విషయంలో నేను చూసిన మంచి ఆలోచన ఇదే. 2012లో వచ్చిన రెండో రకంలో లెన్స్ చిన్నదయింది, హుడ్ ముక్కుతోపాటే కదులుతుంది, ఆ సౌకర్యం పోయింది. ఆ మార్పు నాకు నచ్చలేదు. పాతదాన్ని అమ్మకండి.

ఇంకొక సభ్యుడు:

అయితే మామూలు జూమ్‌లకు హుడ్ తీసి పక్కన పెట్టేయొచ్చుగా?

జవాబు:

వద్దండి. వెడల్పు చివర అది పూర్తిగా పనిచేస్తుంది, గుంపులో గాజుకు దెబ్బ తగలకుండా కాపాడుతుంది, పిల్లల వేళ్లు గాజుకు అంటకుండా చూస్తుంది. కెమెరాలోనే ఉండే చిన్న ఫ్లాష్ వాడేటప్పుడు మాత్రం తీసేయండి. వెడల్పుగా తీస్తే ఫొటో కింది భాగంలో హుడ్ నీడ అర్ధచంద్రంలా పడుతుంది.

మొదట అడిగినవారు:

అబ్బాయికి చదివి వినిపించాను, ఒప్పుకున్నాడు. ఒక్క మాట. మా వైపు ‘సూర్యోదయాన్ని ఆపలేరు’ అని కూడా అంటారు. ఏది సరి?

జవాబు:

రెండూ వాడుకలో ఉన్నాయండి. ‘సూర్యకాంతిని’ అని కూడా వింటాం, పేపర్లలో చూస్తాం. నాకు ‘సూర్యోదయాన్ని’ అన్నదే గట్టిగా అనిపిస్తుంది. ఉదయం ఒక చోట ఉన్నవాళ్లందరికీ ఒకేసారి జరిగేది, దానికి ఎవరి చెయ్యీ అడ్డు కాదు. ‘సూర్యకాంతిని’ అన్నప్పుడే మీ అబ్బాయి లాంటివాళ్లకు వాదించడానికి సందు దొరుకుతుంది, కాంతిలో కొంత చెయ్యి నిజంగానే ఆపుతుంది కాబట్టి. ‘ఎండను ఆపలేరు’ అని మాత్రం నేను ఎవరి నోటా వినలేదు.