అతుకు కనిపించాలా, దాచాలా? కొలాజ్ టారో డెక్‌ల మీద వాదన

కత్తెరపని — ఆదివారం, ఉదయం 10:20

వారం రోజులుగా మంచం మీద మూడు డెక్‌లు పరుచుకుని చూస్తున్నాను. టారో అంటే జోస్యం చెప్పడానికి పరిచే 78 బొమ్మల కార్డులు, ఆ కట్టే డెక్. ఒకటి చిత్రకారుడు సాల్వడార్ డాలీది, 1984లో వచ్చింది. రెండోది జేమ్స్ వాన్‌లెస్, కెన్ నట్సన్ కలిసి చేసిన వాయేజర్. మూడోది క్యాట్ బ్లాక్ చేసిన గోల్డెన్ టారో. మూడింటినీ కొలాజ్ డెక్‌లనే అంటారు, అంటే వేరే చోట్ల నుంచి తెచ్చిన బొమ్మల ముక్కలు అతికించి చేసినవని. నా కంటికి మొదటి రెండే కొలాజ్. మూడోది కాదు.

ఎందుకో చెప్తాను. టెన్ ఆఫ్ స్వోర్డ్స్, అంటే పది కత్తుల కార్డు తీసుకోండి. 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ వేసిన కార్డులో ఒక మనిషి బోర్లా పడి ఉంటాడు, ఒంట్లో పది కత్తులు దిగి ఉంటాయి. అతనెవరో తెలీదు. డాలీ అదే చోటికి జూలియస్ సీజర్ హత్యను పట్టుకొచ్చాడు. బొమ్మ వేరే కాలం నుంచి, వేరే చెయ్యి వేసిన చిత్రంలోంచి ఊడి వచ్చిందని చూడగానే తెలుస్తుంది. దాని మీద డాలీ తన కుంచెతో రంగు చిమ్మాడు. పాత బొమ్మకీ కొత్త రంగుకీ మధ్య ఉన్న ఆ గీత దగ్గరే నా చూపు ఆగిపోతుంది. నాకు జరిగిన ద్రోహం నాకు కొత్త, లోకానికి పాత. ఆ కార్డు ఈ మాట అతుకుతోనే చెప్పింది.

వాయేజర్‌లో ఫొటో మీద ఫొటో, దాని మీద ఇంకో ఫొటో. జంతువులు, గ్రహాలు, గుళ్లు, చేతులు. ఏ అంచునీ దాచలేదు.

గోల్డెన్ టారోలో ముఖం ఒక చిత్రం నుంచి, చెయ్యి ఇంకో చిత్రం నుంచి, వెనకున్న కొండ మరో చిత్రం నుంచి వచ్చాయి. అన్నీ మధ్యయుగం చివరి, తొలి రినైసాన్స్ కాలపు ఐరోపా చిత్రాలే. వాటిని కంప్యూటర్‌లో కలిపి ఒక్క అతుకూ తెలీకుండా చేశారు. అందంగా ఉంది, కాదనను. కానీ ఎవరో ఒక్కరే కూర్చుని వేసిన పాత బొమ్మలా ఉంది.

మా అమ్మమ్మ కుట్టిన బొంత ఇంకా మా ఇంట్లో ఉంది. ఏ ముక్క ఎవరి చీరదో ఆవిడ వేలు పెట్టి చెప్పేది. బొంతకీ రఫూకీ ఉన్న తేడా ఇదే. రఫూలో చిరుగు జరగనేలేదన్నట్టు ఉంటుంది. గోల్డెన్ టారో రఫూ పని. ఒప్పుకోని వాళ్లు చెప్పండి.

వెన్నెల78 — ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఒప్పుకోను, కత్తెరపని గారూ. గోల్డెన్ టారోతోనే నాలుగేళ్లుగా కార్డులు పరిచి చదువుతున్నాను, కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను.

రఫూ అని తక్కువ చేశారు గానీ, ఆ పని పట్టుబడేది ఎందరికి? నాలుగు చిత్రాల నుంచి ముక్కలు తెస్తే ఒక దాంట్లో వెలుగు ఎడమ నుంచి పడుతుంది, ఇంకో దాంట్లో కుడి నుంచి. ఒకరు చర్మానికి పచ్చటి ఛాయ వేస్తారు, ఇంకొకరు గులాబీ. ఒకచోట మనిషి గుమ్మం కంటే పెద్దగా ఉంటాడు. ఇవన్నీ సర్ది, ఆ మనిషి నిజంగా ఆ గదిలోనే నిలబడ్డాడనిపించాలంటే ఒక్కో కార్డుకీ ఎంత చూపు కావాలి! అంచులు వదిలేయడం కంటే ఇది తేలిక అని మీరు అనలేరు.

పైగా క్యాట్ బ్లాక్ ఏదీ దాచలేదు. డెక్‌తో వచ్చే పుస్తకంలో ఏ కార్డుకి ఏయే చిత్రాలు వాడిందో రాసింది. మీ అమ్మమ్మగారు వేలు పెట్టి చెప్పినట్టే, ఆమె అక్షరాల్లో చెప్పింది. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని, మ్యూజియం వెబ్‌సైట్లలో ఒక్కో ముఖం అసలు ఎక్కడిదో వెతకడం నాకెంతో ఇష్టమైన పని.

మూడుముక్కలు — ఆదివారం, మధ్యాహ్నం 12:40

వాయేజర్ గురించి ఒక మాట. ఒక్క కార్డు తీసి ధ్యానంగా చూస్తే బాగుంటుంది. పది కార్డులు పరిచామా, కళ్లు అలిసిపోతాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. మామూలు టారో గుర్తుల్లో కత్తుల స్థానంలో స్ఫటికాలు, పెంటకిల్స్ (నాణేల గుర్తు) బదులు లోకాలు, రాజు రాణీ పోయి మనిషి, స్త్రీ, బిడ్డ, జ్ఞాని వచ్చారు. అదంతా అలవాటు చేసుకోవచ్చు. గుంపే కష్టం.

పాతబొమ్మల_పెట్టె — ఆదివారం, సాయంత్రం 5:30

అతుకు కనిపిస్తేనే కొలాజ్ అనే మాట మీద కొంచెం ఆగాలి.

కొలాజ్ అన్న పేరు ఫ్రెంచిలో ‘అంటించడం’ నుంచి వచ్చింది. 1912లో చిత్రకారులు పికాసో, బ్రాక్ తమ బొమ్మల మీద మైనపు గుడ్డ, వాల్‌పేపరు, వార్తాపత్రిక ముక్కలు అంటించినప్పుడు అతుకు కనిపించాలనే అంటించారు. కత్తెరపని గారు చెప్పే సంప్రదాయం అక్కడిది. అంతవరకూ నిజమే.

కానీ ఆ తర్వాత ఇరవై ఏళ్లలోపే చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ రెండో దారి తొక్కాడు. 19వ శతాబ్దపు పత్రికల్లో, చవక నవలల్లో వచ్చిన చెక్క ఎన్‌గ్రేవింగులు (చెక్క మీద గీతలు చెక్కి అచ్చేసిన బొమ్మలు) కత్తిరించి 1929లో ఒకటి, 1934లో ఒకటి బొమ్మల నవలలు చేశాడు. సూటు వేసుకున్న పెద్దమనిషికి పక్షి తల ఉంటుంది. పడకగదిలోకి సముద్రం వస్తుంది. ముక్కలన్నీ ఒకే రకం గీతలతో చెక్కినవే ఎంచుకున్నాడు. అచ్చులోకి వెళ్లాక అతుకు మాయమైపోవాలని కావాలనే జాగ్రత్తపడ్డాడు. అప్పటికి కంప్యూటర్ లేదు. జిగురు వల్ల కొలాజ్ అవదు అని ఆయనే అన్నాడు కూడా.

అతుకు కనిపించకపోవడం వల్లే ఆ పక్షి తల భయపెడుతుంది. అంచు కనిపిస్తే ‘ఓహో, అంటించారు’ అని మనసు తేలికపడుతుంది. అంచు లేకపోతే ఆ తేలిక దొరకదు.

ప్రాగ్‌లో మొదలైన బాబా స్టూడియో వాళ్ల విక్టోరియన్ రొమాంటిక్ టారో ఈ వంశంలో పుట్టిన బిడ్డే. అదీ 19వ శతాబ్దపు ఎన్‌గ్రేవింగుల నుంచే. పాట్రిక్ వాలెంజా చేసిన డీవియంట్ మూన్ డెక్ ఇంకో మేనల్లుడు. సమాధి రాళ్ల ఫొటోలు, పాడుబడిన పిచ్చాసుపత్రి ఫొటోలు తీసి, వాటి గరుకుతనాన్ని తన బొమ్మల బట్టలకీ గోడలకీ తొడిగాడు. చూసేవాళ్లకి అది రాయి అని తెలీదు. అయినా ఆ చల్లదనం తగులుతుంది.

నెరుడోవా — ఆదివారం, రాత్రి 11:15

ప్రాగ్ పేరు వినగానే రాయకుండా ఉండలేకపోయాను. అక్కడ రెండేళ్లు చదువుకున్నాను, విజయవాడ అమ్మాయిని.

బాబా స్టూడియో వాళ్ల మొదటి డెక్ టారో ఆఫ్ ప్రాగ్, 2003లో వచ్చింది. అలెక్స్ ఉకొలోవ్, కారెన్ మహోనీ చేశారు. ఊళ్లోని శిల్పాలు, గోడ చిత్రాలు, తలుపులు, ఇళ్ల గుర్తులు ఫొటోలు తీసి వాటితోనే 78 కార్డులు కట్టారు. నెరుడోవా వీధిలో చాలా పాత ఇళ్ల గుమ్మాల మీద ఒక్కో బొమ్మ ఉంటుంది. ఒకచోట మూడు ఫిడేళ్లు, ఒకచోట రెండు సూర్యులు, ఇంకోచోట బంగారు తాళంచెవి. 1770లో ఇళ్లకి నంబర్లు వచ్చేదాకా అవే చిరునామాలు. రోజూ ఆ వీధి ఎక్కి దిగేటప్పుడు ఊరంతా ఎవరో పరిచిన కార్డుల్లా కనిపించేది నాకు.

మీ అందరి లెక్కలో ఇది ఎక్కడ పడుతుంది? అతుకులు నునుపుగానే ఉన్నాయి. ముక్కలు మాత్రం 14వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా ఉన్నాయి. వాటిని కలిపి ఉంచేది జిగురూ కాదు, సాఫ్ట్‌వేరూ కాదు, ఊరు. గోతిక్ గోపురం పక్కన బరోక్ దేవదూత, కింద ఆర్ట్ నూవో తలుపు: ప్రాగ్ సందుల్లో అవి నిజంగానే అలా పక్కపక్కన ఉంటాయి. ఊరే ముందు కొలాజ్ చేసి పెట్టింది. అందుకే ఆ డెక్‌లో అతుకు దాచినా నాకు మోసం అనిపించదు.

ఒక్క లోటుంది. ప్రతి కార్డూ పమేలా స్మిత్ వేసిన 1909 నాటి డెక్ అమరికనే చాలావరకు అనుసరిస్తుంది. కొత్త ఊరిని పాత అచ్చులో పోసినట్టు కొన్నిచోట్ల బిగుసుకుపోయింది.

కత్తెరపని — సోమవారం, ఉదయం 7:10

పాతబొమ్మల_పెట్టె గారూ, ఎర్న్‌స్ట్ సంగతి నన్ను రాత్రంతా పట్టుకుంది. ఆయన అంచు దాచినా పక్షి తలని దాచలేదు కదా. రెండు లోకాలు ఢీకొన్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాగితం అంచు గురించి నేను పట్టుబట్టడం పొరపాటే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అసలు ఫిర్యాదు మాత్రం పోలేదు, ఇంకా స్పష్టమైంది. గోల్డెన్ టారోలో ఢీకొనడమే లేదు. ముక్కలన్నీ పక్కపక్క శతాబ్దాలవి, ఒకే మతం నీడలోవి. అక్కడి దేవదూతని ఇక్కడికి తెస్తే దేవదూతగానే ఉంటుంది. వెన్నెల గారూ, మీరు చెప్పిన నైపుణ్యానికి దండం పెడతాను. అది పాత చిత్రకళ మీద ప్రేమ. కొలాజ్ చెయ్యాల్సిన అల్లరి అందులో లేదు.

క్యాట్ బ్లాకే చేసిన టచ్‌స్టోన్ టారో విషయంలో మాత్రం నా మాట మారుస్తాను. అందులో రినైసాన్స్, బరోక్ కాలపు ముఖచిత్రాలు. ఎవరో డబ్బున్నాయన తన పరువు కోసం వేయించుకున్న ముఖం వచ్చి కార్డులో కూర్చుని, కళ్లలోకి సూటిగా చూస్తుంది. ఆయన దీనికోసం కూర్చోలేదని నాకు తెలుసు. అక్కడ చప్పుడు వినిపించింది.

ఆబిడ్స్_ఆదివారం — సోమవారం, రాత్రి 9:45

నేను చేతులతో చేసేవాణ్ణి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పత్రికలు, కేలండర్లు, శుభలేఖలు ఏరి తెచ్చుకుని సొంతంగా ఒక డెక్ చేస్తున్నాను. 22 మేజర్ కార్డులు (ఫూల్, టవర్ లాంటి పేర్లున్న ప్రధాన కార్డులు) అయ్యాయి. కాబట్టి పని బల్ల మీద నుంచి ఒక మాట.

మీ చేతిలో ఉన్న అచ్చు డెక్‌లో అతుకు అనేదే లేదు. ఏ డెక్‌లోనూ లేదు. వేలు పెట్టి తడమండి, నున్నగా ఉంటుంది. మీరు చూస్తున్నది అతుకు బొమ్మ. నా ఫూల్ కార్డు మొదటిసారి స్కాన్ చేసినప్పుడు ఇది తెలిసింది. చేతిలో పట్టుకుంటే కుక్కపిల్ల కాగితం పైకి లేచి కనిపిస్తుంది, దాని కింద సన్నటి నీడ ఉంటుంది. స్కానర్ ఆ నీడని తినేసింది. అంతా చదునైపోయి, చవక పోస్టర్‌లా వచ్చింది. ఏడుపొచ్చింది. తర్వాత కిటికీ పక్కన పెట్టి, వెలుగు పక్క నుంచి పడేలా ఫొటో తీస్తే అంచులు మళ్లీ లేచాయి.

అంటే అతుకుని చూపించాలన్నా పూనుకోవాలి, దాచాలన్నా పూనుకోవాలి. ఒకటి నిజాయితీ, ఇంకోటి రఫూ అనడం చేసేవాళ్లకి అన్యాయం.

ఇంకో సంగతి. బొమ్మలు కత్తిరించుకునే పత్రికల కాగితం పల్చన, శుభలేఖ అట్ట మందం. రెండింటికీ ఒకే జిగురు రాస్తే పల్చటిది ముడతలు పడుతుంది. నేను పల్చటి వాటికి ఉడికించిన మైదా జిగురు చాలా పలుచగా రాసి, పైన పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచుతున్నాను.

వెన్నెల78 — సోమవారం, రాత్రి 10:20

ఆబిడ్స్ గారూ, ఈ చర్చలో నాకు బాగా నచ్చింది మీ పోస్టే. మీ ముక్కల జాబితా రాసుకుంటున్నారా? ఏ పత్రిక, ఏ సంచిక అని? ఇప్పుడు రాయకపోతే మిగిలిన 56 మైనర్ కార్డులు అయ్యేసరికి గుర్తుండదు. ఆ పాత బొమ్మలు వేసినవాళ్లలో కొందరి పేర్లు పత్రికలో కింద మూలన చిన్న సంతకంగా మాత్రమే ఉన్నాయి. కత్తెర పెట్టేటప్పుడు ముందు పోయేది ఆ మూలే. అచ్చు వేసి అమ్మాలనుకుంటే వాళ్ల నుంచో, వాళ్ల వారసుల నుంచో అనుమతి విషయం కూడా చూడాలి. ఐదు వందల ఏళ్ల నాటి చిత్రాలకి ఆ చిక్కు లేదు, మన వారపత్రికలకి ఉంది.

ఆబిడ్స్_ఆదివారం — సోమవారం, రాత్రి 10:50

రాసుకోలేదండీ. రేపటి నుంచి రాస్తాను. అమ్మే ఉద్దేశం లేదు, మా అక్కకీ నాకూ మాత్రమే. అయినా రాస్తాను. మూడు కార్డుల్లో సంతకం ఉన్న మూల ఇప్పటికే పోయింది. కత్తిరింపులు వేసిన సంచి వెతికితే ఆ మూలలు దొరకొచ్చు.

కత్తెరపని — మంగళవారం, ఉదయం 6:55

దొరికితే వాటిని కార్డు వెనకవైపు అంటించండి, పారెయ్యకండి. ఇంకొకటి అడగాలి: మీ టవర్ కార్డుని పక్క వెలుగులో ఒకటి, స్కానర్‌లో ఒకటి తీసి రెండూ ఇక్కడ పెడతారా? ఏది ఎలా తీశారో చెప్పకుండా పెట్టండి. వెన్నెల గారూ నేనూ విడివిడిగా చదివి, ఏం కనిపించిందో రాస్తాం.