జీడీబీలో 010 అని ఇస్తే గేటు సంఖ్య 8 ఎందుకు అవుతోంది?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. డిప్లొమా చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం, వరద వచ్చినప్పుడు నాగార్జునసాగర్ గేట్లను ఏ వరుసలో ఎత్తాలో, ఏ వరుసలో దించాలో చూపించే ప్రోగ్రామును సీ భాషలో రాస్తున్నాను. సాగర్‌కు 26 క్రస్ట్ గేట్లు ఉన్నాయి కాబట్టి వాటికి 001 నుంచి 026 వరకు మూడంకెల సంఖ్యలు పెట్టాను. ప్రోగ్రామును మామూలుగా నడిపి 010 అని టైపు చేస్తే పదో గేటే తెరుచుకుంటోంది. అదే ప్రోగ్రామును జీడీబీలో (నడుస్తున్న ప్రోగ్రామును ఆపి లోపలి విలువలు చూపే డీబగ్గర్‌లో) ఆపి, 'సెట్ వార్' ఆదేశంతో గేటు వేరియబుల్‌కు 010 ఇస్తే అందులో 8 కనిపిస్తోంది. 026 ఇస్తే 22 అవుతోంది. 008, 009 ఇస్తే చెల్లని సంఖ్య అని తిప్పి పంపుతోంది. 001 నుంచి 007 వరకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. 'సెట్ ఇన్‌పుట్ రాడిక్స్ 10' అని (అంకెలను చదివే ఆధారాన్ని పదిగా పెట్టే ఆదేశం) ఇచ్చి చూసినా ఫలితం మారలేదు. ఇంకొక సందేహం కూడా ఉంది: పూర్తి నీటిమట్టం 590 అడుగులను హ్యాష్ డిఫైన్‌తో ఒక పేరుగా (మాక్రోగా) పెట్టుకున్నాను, కానీ ఆ పేరును ప్రింట్ చేయమంటే అలాంటి సింబల్ లేదని వస్తోంది. దయచేసి వివరించగలరు.

జవాబు (నల్లగొండ నుంచి)

తమ్ముడూ, జీడీబీ సరిగ్గానే పనిచేస్తోంది. మీరు డీబగ్గర్‌లో రాసే స్థిర విలువను అది మీ ప్రోగ్రాము భాష నియమాల ప్రకారమే చదువుతుంది. సీ భాషలో సున్నాతో మొదలయ్యే పూర్ణాంకం ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారంగా గల సంఖ్య. కనుక 010 అంటే 8, 026 అంటే రెండు ఎనిమిదులూ ఆరూ కలిపి 22. ఆ పద్ధతిలో 8, 9 అనే అంకెలే ఉండవు కాబట్టి 008, 009 చెల్లవు. ఏడు వరకు రెండు పద్ధతుల్లోనూ విలువ ఒక్కటే కావడం వల్ల మీకు అక్కడిదాకా తేడా కనబడలేదు, నిజానికి ఇందులో ప్రమాదకరమైన సంగతి అదే.

మరి ప్రోగ్రాము నడిచేటప్పుడు 010 పదిగా ఎలా చదవబడింది అంటే, మీరు స్కాన్‌ఎఫ్‌లో శాతం గుర్తు పక్కన 'డి' రాసి ఉంటారు. అది ఎప్పుడూ దశాంశ పద్ధతిలోనే చదువుతుంది, ముందున్న సున్నాలను లెక్కలోకి తీసుకోదు. అక్కడ 'ఐ' రాసి చూడండి, ప్రోగ్రాములోనూ 010 ఎనిమిదిగానే వస్తుంది. కీబోర్డు మీద వచ్చే అంకెలను చదివేది లైబ్రరీ ఫంక్షన్, డీబగ్గర్‌లో రాసే అంకెలను చదివేది భాషా నియమం. ఈ రెండింటినీ విడిగా చూడటం అలవాటు చేసుకోండి. డీబగ్గర్‌లో ముందు సున్నాలు లేకుండా 10 అని రాస్తే చాలు, తెర మీద మూడంకెలు కావాలంటే ప్రింట్‌ఎఫ్‌లో '03డి' అని అడగండి.

ఇక 590 సంగతి. హ్యాష్ డిఫైన్ పేర్లను ప్రీప్రాసెసర్ కంపైల్‌కు ముందే విలువలుగా మార్చేస్తుంది కాబట్టి, మామూలు 'జీ' ఐచ్ఛికంతో కంపైల్ చేస్తే డీబగ్ సమాచారంలో ఆ పేర్లు మిగలవు. జీసీసీ కంపైలర్‌కు 'జీ3' ఇస్తే మాక్రోలు కూడా నమోదవుతాయి. మళ్లీ కంపైల్ చేసే వీలు లేనప్పుడు జీడీబీలోనే 'మాక్రో డిఫైన్' ఆదేశంతో ఆ పేరును ఇచ్చుకోవచ్చు. నన్నడిగితే గేట్ల స్థితులకు మాక్రోలు వదిలి ఈనమ్ (పేర్లు పెట్టిన పూర్ణాంకాల రకం) వాడమంటాను, ఎందుకంటే అప్పుడు ప్రింట్ చేసినప్పుడు ఉత్త అంకెకు బదులు మీరు పెట్టిన పేరే కనిపిస్తుంది.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

పై అన్నగారు చెప్పినది సరైనదే. రాడిక్స్ గురించి మాత్రం ఒక మాట చేర్చాలి. ఆ ఆదేశం ఏ గుర్తూ లేని అంకెలను ఏ ఆధారంతో చదవాలో నిర్ణయిస్తుంది, ముందు సున్నా ఉన్న సంఖ్యను అది మార్చదు. ఎవరైనా దాన్ని ఒకసారి 16 చేశారంటే, ఆ తర్వాత 'సెట్ ఇన్‌పుట్ రాడిక్స్ 10' అని ఎన్నిసార్లు ఇచ్చినా 16గానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు ఆ 10ని కూడా జీడీబీ పదహారుగానే చదువుతుంది. వెనక్కి రావాలంటే 012 అని ఆక్టల్‌లో ఇవ్వాలి. మీరు తప్పించుకోవాలనుకుంటున్న సున్నా ఇక్కడ పనికొస్తుంది.

భాష మారితే నియమమూ మారుతుంది. పైథాన్ 3లో 010 అని రాస్తే సింటాక్స్ తప్పు కింద ఆగిపోతుంది. రస్ట్‌లో అది పదే. జీడీబీ ఏ భాషలో చదువుతోందో 'షో లాంగ్వేజ్' చెబుతుంది. అలాగే ఒంటి కోట్లలో 7 రాస్తే ఆ అక్షరపు ఆస్కీ సంఖ్య 55 వస్తుంది తప్ప ఏడు రాదు. గేటు సంఖ్యకు కోట్లు పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరన్నట్టే స్కాన్‌ఎఫ్‌లో 'డి' ఉంది, గేటు సంఖ్యలు ఇప్పుడు సరిగా వస్తున్నాయి. ఇదే వరుసలో మరొకటి అడుగుతాను. నీటిమట్టం అనే ఫ్లోట్ వేరియబుల్ 589.5 అయినప్పుడు ఆగేలా షరతు పెడితే ప్రోగ్రాము ఆగుతోంది, 589.7 అని పెడితే ఆ విలువే వచ్చినా ఆగడం లేదు.

జవాబు (నల్లగొండ నుంచి)

ఇదీ స్థిర విలువ రాసే తీరుకు సంబంధించినదే. దశాంశ బిందువు ఉన్న విలువను సీలోనూ జీడీబీలోనూ డబుల్‌గా (ఫ్లోట్ కంటే ఎక్కువ కచ్చితత్వం గల రకంగా) తీసుకుంటారు. 589.5లోని అర భాగం ద్విసంఖ్యామానంలో కచ్చితంగా ఇముడుతుంది, అందువల్ల ఫ్లోట్‌లో ఉన్నా డబుల్‌లో ఉన్నా అది ఒకటే. 589.7 అలా ఇమడదు. ఫ్లోట్‌లో నిలిచిన దగ్గరి విలువ వేరు, డబుల్‌లో నిలిచినది వేరు కాబట్టి ఆ సమానత్వం ఎన్నటికీ నిజం కాదు. సంఖ్య చివర 'ఎఫ్' అక్షరం చేర్చి ఫ్లోట్‌గా రాస్తే పోలిక కుదురుతుంది. అయితే మట్టం లెక్క కట్టగా వచ్చిన విలువైతే అది కూడా నమ్మదగినది కాదు. మీ షరతులో సమానం గుర్తుకు బదులు 'అంతకంటే ఎక్కువ లేదా సమానం' గుర్తు వాడి, 589.7కు కొద్దిగా తక్కువైన విలువ, ఉదాహరణకు 589.69, పెట్టండి.